మనం ఊరెళ్తే మృదంగం సంగతేమిటి?

మే నెల వచ్చిందంటే మస్కట్‌లో మన వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నలన్నీ ఒకే వరస. టికెట్ ఎంతకు దొరికింది? తులసి మొక్కకు నీళ్ళెవరు పోస్తారు? ఫ్రిజ్ ఆపేసి వెళ్ళాలా, ఉంచి వెళ్ళాలా? పప్పులు, పిండ్లు డీప్ ఫ్రీజర్లో పెడితే పురుగు పట్టకుండా ఉంటాయా? పనికొచ్చే ప్రశ్నలే అన్నీ. కానీ ఈసారి ఘుబ్రా నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం చూసి, ఇన్నాళ్ళూ ఇది ఎవరూ అడగలేదేమిటా అనిపించింది.

ఆవిడ ఆన్‌లైన్‌లో పిల్లలకు సంగీతం చెబుతారు. ఫ్లాట్‌లో పనమ్మాయి కోసం కట్టిన చిన్న గది ఉంటుంది చూడండి, దాన్ని స్టూడియోగా మార్చుకున్నారు. గోడలకు ఫోమ్, ఒక మైకు, లాప్‌టాప్, శ్రుతిపెట్టె. కొడుకు పన్నెండో తరగతి అయిపోయి ఇంజనీరింగ్‌కి ఇండియా వెళ్ళాడు. వాడి మృదంగం, చిన్నప్పటి తబలా జత, భజనల కోసం కొన్న డోలక్, ఎవరో ఇచ్చి వెళ్ళిన డ్రమ్ కిట్ ఆ గదిలోనే ఓ మూల పేరుకుపోయాయి. "అక్కా, రెండు నెలలు ఇల్లు మూసి వెళ్తున్నాం. డిసెంబరులో వాడొచ్చి మృదంగం తీస్తే ఎలా ఉంటుందోనని భయంగా ఉంది. అది వాళ్ళ గురువుగారు దగ్గరుండి చేయించి ఇచ్చింది. ఆయన ఇప్పుడు లేరు" అని రాశారు.

ఆ చివరి మాట కోసమే ఈ నెల కాలమ్ మొత్తం దీనికే.

ముందు ఒమాన్ గాలి సంగతి మాట్లాడుకోవాలి. మన వాద్యాలకు ఇక్కడ ఎండతో వచ్చే బాధ కొంతే. అసలు బాధ తేమ పెరగడం, తగ్గడం. తోలు బతికున్న వస్తువులాంటిదే. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని సాగుతుంది, శ్రుతి దిగిపోతుంది. గాలి పొడిబారితే బిగుసుకుంటుంది, శ్రుతి పైకి పోతుంది, మరీ పొడిబారితే అంచు దగ్గర చిరుగుతుంది. మృదంగం కుడి మూత మీది నల్లటి కరణ ఉందే, అది ఇనుము పాలున్న రాతిపొడిని అన్నంతో నూరి, పొర మీద పొర పూసి, రాయితో రుద్దుతూ ఆరబెట్టింది. కింద తోలు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఆ పూత దానితో పాటు సాగలేదు. పగుళ్ళిచ్చి పెచ్చులుగా ఊడుతుంది. తబలా మీది నల్లమచ్చ కథా ఇదే. పనస కట్టెకైనా ఈ ఆటుపోట్లు ఎక్కువైతే సన్నటి చీలికలొస్తాయి.

మస్కట్‌లో వేసవి అంటే పగలు నలభై దాటడం ఒక్కటే కాదు. సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి రాత్రి కూడా చల్లారదు. ఇక్కడికి దగ్గర్లోని కురియాత్‌లో 2018 జూన్ 26న రోజు మొత్తంలో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కంటే కిందికి దిగలేదు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. అలాంటి రోజుల్లో ఏసీ ఆపేసి తాళం వేసిన ఫ్లాట్‌లో, కిటికీ కూడా లేని చిన్న గదిలో గాలి ఎలా ఉంటుందో ఊహించుకోండి. మనం తిరిగొచ్చేసరికి తోలు బ్యాగుల మీద, పాత చెప్పుల మీద తెల్లటి బూజు కనిపిస్తుందే, మృదంగం మూత కూడా తోలే కదా. నిజ్వా, ఇబ్రి వైపు లోతట్టున ఉండేవాళ్ళకు ఇంత ఉక్క ఉండదు, అక్కడ పొడిగాలే పగ. సలాలా వాళ్ళకు మళ్ళీ వేరే లెక్క. జూన్ 21 నుంచి సెప్టెంబరు 21 దాకా ఖరీఫ్. మనమంతా ఆ తుంపర చూసి మురిసిపోయి రీళ్ళు తీసుకుంటాం. ఆ మూడు నెలలూ అక్కడ బట్టలే ఆరవు, ఇక తోలు ఎక్కడ ఆరుతుంది?

కాబట్టి మొదట కొనాల్సింది తేమ కొలిచే చిన్న మీటరు. చవగ్గానే దొరుకుతుంది, అరచేతిలో పడుతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే తోలుకూ కట్టెకూ హాయి. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకు పండగ. 35 కంటే తగ్గితే చీలికల భయం. ఒక్కరోజు అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. రోజూ పగలొకలా రాత్రొకలా ఊగితేనే నష్టం. రాత్రంతా ఏసీ, పగలంతా బంద్ అనే పొదుపు పద్ధతి మనకు మంచిదే, వాద్యానికి మాత్రం అదే చెరుపు.

ఇక గదిలో ఎక్కడ పెట్టాలి? ఏసీ కింద పెట్టకండి. చల్లగాలి నేరుగా మూతకు తగులుతుంది, పైగా పైపు ఎప్పుడు కారుతుందో ఏసీ మెకానిక్కే తెలియదు. పడమటి ఎండ తగిలే బయటి గోడకు ఆనించకండి. సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, పెనంలా ఉంటుంది. నేల మీద అసలే వద్దు. గోను తుపాను వచ్చిన 2007లోనూ, షాహీన్ వచ్చిన 2021లోనూ ఇక్కడున్నవాళ్ళకు దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. తుపాను దాకా ఎందుకు, వాషింగ్ మెషిన్ పైపు ఊడితే చాలు. మోకాలెత్తు అరగానీ, గట్టి బల్లగానీ ఉండాలి. అది ఇంటి లోపలి గోడవైపు ఉండాలి. మీ చిన్న గది బాల్కనీ పక్కనో వంటింటి వెనకో ఉంటే, సెలవుల వరకైనా వాద్యాలను పడకగది బీరువా పక్కకు మార్చండి. స్టూడియోలో పుట్టాయని స్టూడియోలోనే ఉండాలని లేదుగా.

రికార్డింగ్ చేసుకునేవాళ్ళకు ఇంకో మాట. వాడని వాద్యం మూలన ఉన్నా మూగగా ఉండదు. మీరు పాడుతుంటే ఏదో ఒక స్వరానికి డోలక్ మూతో, డ్రమ్ కిట్‌లోని స్నేర్ కింది తీగలో కూడా కదులుతాయి. మైకులో "జుయ్" మని సన్నటి చప్పుడు పడుతుంది. కేబుల్ మార్చి, మైకు మార్చి, చివరికి మొగుణ్ణి తిట్టాక కూడా ఆ చప్పుడు పోకపోతే మూలన చూడండి. మూతల మీద మందపాటి నూలు గుడ్డ కప్పితే అది ఆగుతుంది, దుమ్ము కూడా పడదు.

పెట్టే ముందు శుభ్రం చెయ్యడం ముఖ్యం. మృదంగం ఎడమ మూత మీద వాయించే ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్దగా పెడతారు కదా, గుమకం రావడానికి. పిల్లలు వాయించేసి అలాగే వదిలేస్తారు. ఆ ముద్దను అదే రోజు తీసెయ్యాలి. ఎండిపోతే కత్తితో గీకొద్దు, తడిగుడ్డ కాసేపు వేసి మెత్తబడ్డాక వేలితో తియ్యాలి. ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి నాలుగైదు గంటలు ఆరనివ్వాలి, ఎండలో మాత్రం కాదు. రవ్వ మిగిలితే మొదట చీమలు, తర్వాత బొద్దింకలు, వాటి వెనకే బూజు. మన వంటింటి శత్రువులే, కొత్తవేం కాదు. కుడి మూతకు నీళ్ళు తగలనివ్వకండి. కరణలో ఉన్నది ఇనుము పొడి, అన్నం. నీళ్ళకు ఆ రెండూ లొంగిపోతాయి. తోలుకు ఆముదమో కొబ్బరినూనెో రాసి దాచమని కొందరు పెద్దవాళ్ళు చెబుతారు. రోజూ వాయించే చేతిలో ఉన్నప్పటి మాట అది. మూసిపెట్టే వాద్యానికి నూనె రాస్తే కంపు కొడుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది.

బిగింపు సంగతి చాలామంది తప్పుగా చెబుతారు. "వాడట్లేదుగా, పూర్తిగా వదులు చేసెయ్" అంటారు. పూర్తిగా వదిలేస్తే తోలు తన ఇష్టం వచ్చినట్టు ముడుచుకుంటుంది, మళ్ళీ బిగించినప్పుడు చుట్టూ ఒకే నాదం రాదు. అలాగని కచేరీ శ్రుతిలో ఉంచి తాళం వేస్తే, పొడిగాలికి ఇంకా బిగుసుకుని చిరుగుతుంది. మధ్యే మార్గం మంచిది. తబలాకైతే గట్టాలను సుత్తితో కొంచెం కొంచెంగా పైకి తట్టి అర స్వరమో ఒక స్వరమో దించండి. నట్టూ బోల్టూ ఉన్న మృదంగమైతే ఒక్కో బోల్టు అర చుట్టు, అన్నీ సమానంగా, ఎదురెదురు జతలుగా తిప్పాలి. తాడు డోలక్ అయితే రింగులు కాస్త జరిపితే చాలు. పాతకాలపు తోలు వార్ల మృదంగం అయితే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. వార్లు లాగడం వేరే విద్య. దాని గదిలో తేమను సరిగా చూసుకుంటే చాలు. డ్రమ్ కిట్‌కి ప్లాస్టిక్ మూతలు కాబట్టి ఇంత గారాబం అక్కర్లేదు. చెమట మరకలు తుడిచి, సింబల్స్‌ని గుడ్డ సంచుల్లో పెడితే సరి. ఎలక్ట్రానిక్ ప్యాడ్ అయితే బ్యాటరీలు తీసెయ్యండి, ఈ వేడికి కారిపోతాయి.

ఇక మూటగట్టడం. పాత నూలు చీరలుంటే బయటికి తియ్యండి, పట్టువి కాదు. ఒకదాన్ని చుట్టలా చుడితే తబలాకు చక్కటి చుట్టకుదురు అవుతుంది. ఇంకోటి నాలుగు మడతలేసి మూతల మీద కప్పాలి. మృదంగాన్ని అడ్డంగా పెట్టి, రెండు వైపులా దొర్లకుండా చీర ముద్దలు పెట్టండి. మూతలు దేనికీ ఆనకూడదు, వాటి మీద ఏదీ పెట్టకూడదు. డోలక్ మీద సూట్‌కేసు, సూట్‌కేసు మీద గోలు ఎక్కించే ఇళ్ళు నాకు తెలుసు.

ప్లాస్టిక్ కవరులో చుట్టాలా వద్దా అని చెల్లెలు అడిగింది. తేమ లోపల ఉండగా చుడితే అంతకంటే పొరపాటు లేదు, ఆవిరి బయటికి పోలేక లోపలే కూర్చుని బూజవుతుంది. కానీ ముందు ఆరబెట్టి, తేమ పీల్చే గింజలు వేసి, గట్టిగా మూసే డబ్బాలో పెడితే ఏసీ లేని ఇంట్లో అదే శ్రీరామరక్ష. పద్ధతి ఇదీ. ప్రయాణానికి మూడు రోజుల ముందు వాద్యాలను ఏసీ గదిలో, 50 శాతం దగ్గర తేమ ఉన్నచోట, కవర్లు విప్పి ఉంచండి. రెండు రోజులు ఆరనిచ్చి, చీరలు చుట్టి, మూతకు రబ్బరు అంచున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పక్కనే సిలికా జెల్ నూలు సంచిలో కట్టి పెట్టాలి, తోలుకు తగలకుండా. చెప్పుల డబ్బాల్లో వచ్చే బుల్లి పొట్లాలు రెండు వేసి ఊరుకుంటే చాలదు. మృదంగం పట్టేంత డబ్బాకు పెద్ద సంచే కావాలి. రంగు మారే గింజలైతే మంచిది. రంగు మారాక ఒవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి. వంట పాత్రలో మాత్రం వద్దు, ఆ రంగుల్లో కొన్ని మంచివి కావు. లోపల తేమ మీటరు కూడా పెట్టి, కనిపించేలా డబ్బా మూసెయ్యండి. సిలికా జెల్ బదులు బియ్యం మూట వేస్తామంటారు కొందరు. పురుగులకు భోజనం పెట్టి పిలిచినట్టే.

తోలు తినే చిన్న నల్ల పురుగులుంటాయి. ఉన్ని బట్టలకు, తివాచీలకు పట్టే జాతే. వాటికోసం కలరా ఉండలు నేరుగా మూత మీద పెట్టకండి. ఆ వాసన తోలుకు, కట్టెకు పట్టి ఏళ్ళ తరబడి పోదు, మూసిన గదిలో పసిపిల్లలకూ మంచిది కాదు. బాగా ఎండిన వేపాకు సన్నటి గుడ్డలో కట్టి పెట్టడం మన అమ్మమ్మల పద్ధతి, హాని లేదు. కానీ అసలు మందు శుభ్రత, ఆరుదల. ఇక్కడ ధోఫార్ సాంబ్రాణి చేతికందేంత దూరంలో ఉంది కాబట్టి వాద్యాలకు పొగ వెయ్యాలనిపిస్తుంది. పూజ కోసం వేసుకోండి. గోడకు ఫోమ్ అంటించిన గదిలో మాత్రం నిప్పుతో వెళ్ళకండి, ఆ ఫోమ్ ఎంత త్వరగా అంటుకుంటుందో మీకు తెలియాల్సిన అవసరం రాకూడదు.

నిప్పు అంటే గుర్తొచ్చింది. ఇక్కడి రజ్‌హా కత్తి నృత్యం చూశారా? కాసిర్, రహ్మానీ అని రెండు రకాల డోళ్ళు ఉంటాయి. కాసిర్ చిన్నది, గట్టిగా పలుకుతుంది. రహ్మానీ పెద్దది, లోతుగా గుమ్మంటుంది. ఆట మొదలవక ముందు వాటిని మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మా ఊళ్ళో డప్పు కాచడమే కనిపించింది. ఎండుగడ్డి మంట, దాని చుట్టూ మూగిన పిల్లలు, చిర్రతో ఒక దెబ్బ కొట్టి చెవి ఒగ్గి వినడం. రెండుచోట్లా తోలు ఒకటే, తేమ ఒకటే, ఉపాయం ఒకటే. కానీ ఇంట్లో ఉన్న డప్పును స్టవ్ మీద కాచొద్దు. కాయడం వాయించే ముందు చేసే పని, దాచే ముందు చేసేది కాదు. డప్పుకు వదులు చేసే ఏర్పాటు కూడా ఉండదు, కాబట్టి నూలు సంచిలో వేసి లోపలి గోడకు తగిలిస్తే చాలు.

కంజిర ఉన్నవాళ్ళు ఒక్క విషయం చూసుకోండి. పాతకాలపు కంజిరలకు ఉడుము తోలు వేసేవారు. ఉడుము మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు, అంతర్జాతీయ సైటిస్ ఒప్పందంలోనూ మొదటి జాబితాలోనే ఉంది. అలాంటిది సూట్‌కేసులో వేసుకుని సరిహద్దులు దాటొద్దు. మేకతోలువీ, సింథటిక్‌వీ దొరుకుతున్నాయి. పిల్లలకు అవి చాలు.

వాద్యాన్ని వేరే ఇంటికి చేర్చాల్సి వస్తే, కారు ఏసీతో చల్లబడ్డాకే లోపల పెట్టండి. ఎండలో ఆపిన కారులో వేడి 60 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే, పది నిమిషాలు కూరగాయలకని ఆగినా ప్రమాదమే. మాల్ నుంచి బయటికి అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకబారుతుంది కదా, చల్లటి మృదంగాన్ని ఉక్కలోకి తెచ్చినా మూత మీద అలాగే నీరు పడుతుంది. సంచిలో ఉంచే తేవాలి, వెళ్ళినచోట సంచి వెంటనే విప్పకుండా గంట ఆగాలి. సెలవుల తర్వాత డబ్బా తెరిచినప్పుడు కూడా తొందరొద్దు. ఒకరోజు గది గాలికి అలవాటు పడనిచ్చి, మర్నాడు కొంచెం కొంచెంగా శ్రుతికి తెచ్చుకోవాలి. వెళ్ళే ముందు మూతలకు రెండు వైపులా ఫోటోలు తీసి ఉంచుకుంటే, కొత్త పగులేదో పాతదేదో తెలుస్తుంది.

ఇంత చేసేది దేనికి, ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చుగా అనేవాళ్ళున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఘుబ్రా చెల్లెలి దగ్గరున్న తబలా జత, డోలక్ రెండేళ్ళుగా ఎవరూ ముట్టలేదట. నేనైతే వాటిని ఈ సెలవులకు ముందే నేర్చుకుంటున్న పిల్లల ఇంటికి పంపమంటాను. అరువుగానైనా సరే, పేరు రాసిన చీటీ అంటించి. ఇండియన్ సోషల్ క్లబ్ తెలుగు విభాగంలో అడిగితే ఉగాదికి, దసరాకు వాయించే పిల్లలు తెలుస్తారు. ఆడపిల్లలకు మృదంగం ఏమిటని ఎవరైనా అంటే నిడుమోలు సుమతి గారి పేరు చెప్పండి. మన విజయవాడ మృదంగ విద్వాంసురాలు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. డ్రమ్ కిట్ ఉన్న చోటే ఉండనివ్వండి, అది మొండిది.

మృదంగాన్ని మాత్రం ఇవ్వొద్దు, చెల్లీ. కొన్ని వాద్యాలను వాయించడానికి దాచం. మా ఇంట్లో ఒక మట్టి గుమ్మెట ఉంది. మా నాన్న బుర్రకథ దళంలో హాస్యం చెప్పేవారు. కథకుడు తంబురా మీటుతూ కథ ఎత్తుకుంటే, నాన్న గుమ్మెట వాయిస్తూ వంత పాడి జనాన్ని నవ్వించేవారు. ఆయన వేళ్ళు తగిలే చోట తోలు నున్నగా అరిగి, తేనెరంగుకు తిరిగింది. మా ఇంట్లో దాన్ని వాయించగలిగేవాళ్ళు ఎవరూ లేరు. తోలు చిరిగితే కొత్తది వేయించవచ్చు, తెనాలిలోనో గుంటూరులోనో చేసేవాళ్ళు దొరుకుతారు. ఆ అరుగుదల మాత్రం ఎవరూ వెయ్యలేరు. అందుకే మా ఇంట్లో పట్టుచీరలకు లేని రబ్బరు అంచు డబ్బా దానికుంది. పిల్లలు నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ.

మీ అబ్బాయి డిసెంబరులో వచ్చినప్పుడు మూత కాస్త దిగిపోయి ఉండొచ్చు. బాధపడకండి, శ్రుతి దిగితే ఎక్కించుకోవచ్చు. కరణ మీద వెంట్రుక లాంటి గీత కనిపిస్తే వాడినే చెవి పెట్టి వినమనండి. నాదం శుభ్రంగా ఉంటే వాయించుకోవచ్చు, గరగర వినిపిస్తే ఆపి, వచ్చే వేసవిలో విజయవాడో చెన్నైయో పట్టుకెళ్ళి మూత మార్పించాలి. పాత మూతను పారెయ్యకుండా అడిగి తెచ్చుకోండి. గురువుగారు చూసి ఒప్పుకున్న మూత కదా.

మా ప్రయాణం ఎల్లుండి. గుమ్మెట రెండు రోజులుగా ఏసీ గదిలో నూలు చీర మీద కూర్చుని ఉంది. మీటరు 52 చూపిస్తోంది. సిలికా జెల్ ఒవెన్‌లోంచి తీసి చల్లార్చాను. రేపు పొద్దున్న డబ్బా మూత వేసేస్తాను.